ఏ లైను తప్పు?

పోయిన వారం ఒక బస్సు డ్రైవరుతో గొడవపడ్డాను. గంట నొక్కినా ఆపకుండా నన్ను రెండు స్టాపుల అవతల దించాడు. తప్పు అతనిదే. నా ఇంగ్లీషు గొడవలకి బాగానే సరిపోతుంది గానీ కోపం ముదిరితే ఒక్కోసారి మాట జారిపోతుంది. 'నిర్లక్ష్యం' అన్నదానికి ఇంగ్లీషు దొరక్క, నోరు తెరిచి ఆగాను. ఆగి, అలవాటుగా ఎడమవైపుకి చెవి వొగ్గాను. ఎవరూ అందించలేదు. డ్రైవరు తలుపు మూసుకుని వెళ్లిపోయాడు.

ఒకప్పటి మా ఎదురు ఫ్లాటు ముసలాయన పోయి అప్పటికి నాలుగు నెలలు. అంత్యక్రియలకి వెళ్లాను, పూలు పెట్టాను, నగర కౌన్సిల్ వాళ్లకి ఆయన ఫ్లాటు తాళాలు కూడా నేనే అప్పగించాను. అయినా ఆయన లేడన్న సంగతి నాకు తెలిసింది ఆ బస్ స్టాపులోనే.

మాట అందించడం ఆయనకి జబ్బులాంటిది. ఎదుటివాడు ఎవడైనా సరే, ఒక్క క్షణం తడబడితే చాలు, ఎటో చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టుగా, ఆ తర్వాతి మాట చెప్పేసేవాడు. డాక్టరు రోగం పేరు చెప్పడానికి మొహమాటపడితే ఆ పేరు తనే అందించేవాడు. చర్చిలో పాస్టరు దగ్గితే ప్రార్థన ముందుకి నడిపేవాడు. నాకు మొదటిసారి అందించింది షెఫీల్డులో మేమున్న కౌన్సిల్ బిల్డింగు ఐదో అంతస్తులో, లిఫ్టు ముందు. నేను వచ్చి మూడు నెలలు. మావారు డాక్టరు, ఆస్పత్రి డ్యూటీల రోటాకి అంకితం. చంకలో పది నెలల పాప, చేతిలో పుష్‌చెయిర్, తలలో తెలుగు ఎమ్మే. ఆ మూడింట్లో ఆ దేశంలో దేనికీ పనికిరానిది మూడోదే. లిఫ్టు బాగుచేసేవాడిని పట్టుకుని, "వారానికి నాలుగు రోజులు ఇది... ఇది..." అని ఆగాను.

"ఔట్ ఆఫ్ ఆర్డర్," అంది నా వెనక ఒక గుసగుస.

తిరిగి చూస్తే ఎదురు ఫ్లాటు ముసలాయన. డెబ్బై దాటిన సన్నటి మనిషి, గోధుమరంగు చర్మం, ఇస్త్రీ చెదరని చొక్కా. నన్ను కాదు, గోడని చూస్తున్నాడు.

"నా మాట నేను వెతుక్కోగలను. మధ్యలో మీరెవరు?" అన్నాను.

"క్షమించు నైబర్. ముప్పై ఏళ్ల అలవాటు."

అప్పటినుంచి చివరిదాకా నేను ఆయనకి నైబరునే. నా పేరు తెలియక కాదు. ఆయన పుట్టిన దేశంలో తెల్లవాళ్ల ఇంటి ఆడవాళ్లని మేడమ్ అనకపోతే నేరం. అందుకని ఇక్కడికొచ్చాక ఏ ఆడదాన్నీ మేడమ్ అనలేదు, అంతే. నేను ఆయన్ని అంకుల్ అన్నాను. మొదటిసారి అన్నప్పుడు చేతిలో టీ కప్పు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"మా దగ్గర అంకుల్ అనేది తెల్లవాళ్లలో పెద్దవాళ్లనే. నేను నాటకంలో సేనాపతులకి బట్టలు కట్టాను. నా కొడుకు వయసున్న సేనాపతులు నన్ను 'బాయ్' అని పిలిచారు," అన్నాడు.

"పొంగిపోకండి. మేం బస్ స్టాపులో నిలబడ్డవాడిని కూడా అంకుల్ అంటాం," అన్నాను.

ఆయన బతుకంతా ఒక్క నాటకం. ఆఫ్రికాన్స్‌లో, అంటే అక్కడ ఏలిన తెల్లవాళ్ల భాషలో, రాసిన పద్యనాటకం. కథ రోమన్ల కాలానిది. ఒక సేనాపతిని చక్రవర్తి ఒక దీవిలో, ఒక ఇంట్లో బంధిస్తాడు. నాటకం మొదలయ్యే రోజున ఆ ఇంటి తలుపు తాళం తీసేస్తారు. బయట పడవ కూడా ఉంటుంది. వెళితే పారిపోయాడని చంపుతారు, ఉంటే ఖైదీగా చస్తాడు. ఐదంకాలూ అతను ఆ తెరిచిన తలుపు దగ్గరే నిలబడి వాదిస్తాడు, వెళ్లడు.

మా ముసలాయన ఆ నాటకం ఆడే కంపెనీలో బట్టల మనిషి. ఊరూరా లారీలో తిరిగి రోమన్ దుప్పట్లు మడతలు పెట్టి నటుల భుజాల మీద కట్టేవాడు. నటులు మరిచిన లైను పక్కనుంచి అందించే ప్రాంప్టరుగా కరపత్రంలో ఒక తెల్లామె పేరు ఉండేదట. ఆవిడ గొంతు మూడడుగులు దాటేది కాదు. అందుకని పుస్తకం ఈయన చేతికొచ్చింది, పేరు ఆవిడకి ఉండిపోయింది. హాల్లో కూర్చుని చూడ్డానికి ఈయనకి చట్టం ఒప్పుకోదు, పక్కన నిలబడి అందించడానికి ఒప్పుకుంటుంది. అలా ఆ నాటకాన్ని ముప్పై ఏళ్లు పక్కవాటుగా చూశాడు. ముందువైపు నుంచి ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు.

ఆ ప్రాంప్టు పుస్తకం ఆయనతోపాటు షెఫీల్డుకి వచ్చేసింది. వెనక పేజీల్లో పెన్సిలుతో గీసిన గళ్లు. ఊరు, హాలు, సేనాపతి ఎవరు, తప్పులు. ఆ నాటకం ఎక్కడెక్కడ ఆడిందో అన్నీ అందులో ఉన్నాయి. గనుల ఊళ్లో జనం హాస్యనాటకం అనుకుని వచ్చారు, నాలుగో అంకంలో కుర్చీలు చప్పుడయ్యాయి. గొర్రెల సంత ఊళ్లో గాలికి పైకప్పు రేకు లేచింది, సేనాపతి రెండు లైన్లు మింగాడు. రాజధానిలో ఆడినప్పుడు మంత్రులు ముందు వరసలో కూర్చుని, రోము అంటే తామేననుకుని చప్పట్లు కొట్టారు. తర్వాతెప్పుడో అందులో ఖైదీ అంటే తాము జైల్లో పెట్టినవాళ్లని వాళ్లలో ఎవరికో అర్థమై, ఆ ఊళ్లో మళ్లీ హాలు దొరకలేదు. మూడో సేనాపతి ప్రతి ఆటలోనూ ఒకే లైను వదిలేసేవాడు. ఎందుకని అడిగితే, "ఆ లైను దగ్గరికి వచ్చేసరికి నాకు భయమేసేది" అన్నాడట.

అక్కడ తెల్లవాళ్ల పాలన పోయాక కేప్ ప్రాంతంలో ఒక చిన్న హాల్లో అన్ని రంగుల కుర్రాళ్లూ కలిసి ఆ నాటకం వేశారని ఆయన మేనకోడలు ఉత్తరం రాసింది. సేనాపతి వేషం ఈయన రంగు మనిషిదే. ఆ ఉత్తరం నాకు చదివి వినిపించాడు, పుస్తకంలో మాత్రం ఎక్కించలేదు.

"అసలు రాయాల్సింది అదే కదా అంకుల్," అన్నాను.

"నేను పక్కన లేను. ఏం తప్పు జరిగిందో నాకు తెలియదు. ఏమని రాయను?"

ఆయన లెక్కలో నాటక చరిత్ర అంటే తప్పుల చరిత్ర. బాగా జరిగినదానికి గడి లేదు.

ఆ సేనాపతి గురించి మేం పోట్లాడుకున్నంతగా నేను మావారితో కూడా పోట్లాడలేదు. ఆయన దుప్పటి ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, కుర్చీకి ఎడమ భుజం మీదుగా కట్టి చూపించేవాడు. ఆ కుర్చీయే సేనాపతి. నేను పాపకి అన్నం పెడుతూ ఆ కుర్చీతో వాదించేదాన్ని.

"తలుపు తీసుంది. పడవుంది. ఐదంకాలు ఎందుకండీ? బుర్రున్నవాడైతే మొదటి అంకంలోనే పడవెక్కుతాడు."

"లిఫ్టు ఇవాళ పనిచేస్తోంది నైబర్. నువ్వు ఎందుకు వెళ్లలేదు?"

"ఎక్కడికి?"

"అతనికీ అదే సమస్య," అని కుర్చీ మడత సర్దాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వారం మాట్లాడలేదు. ఆ వారమంతా కిటికీలోంచి కార్ పార్కు చూస్తూ, మావారి పరీక్ష ఎప్పుడవుతుంది, నా బతుకెప్పుడు మొదలవుతుంది అనుకుంటూ కూర్చున్నాను. ఆ మనిషి అన్నది నిజం కావడమే నా కోపానికి కారణం.

ఆయన చిక్కు వేరే. ఈ ఊళ్లో తన దేశంవాళ్లు లేకపోలేదు. జాతివివక్ష మీద పోరాడి వచ్చినవాళ్లు, వాళ్లతో కలిసి ఊరేగింపులు తీసిన ఇంగ్లీషువాళ్లు. సభలకి పిలిచేవారు, అనుభవాలు చెప్పమనేవారు. ఒకసారి ఆ నాటకంలోంచి నాలుగు లైన్లు చెబుతానంటే, ఆ భాష మాత్రం వద్దన్నారు. అది పోలీసుల భాష, లాఠీ భాష. "మా అమ్మ పులుసు కలుపుతూ మాట్లాడింది కూడా అదే భాష," అన్నాడు నాతో. వాళ్లకి చెప్పలేదు. వాళ్ల కోపం న్యాయమైనదేనని ఆయనకి తెలుసు. అందుకని ఎవరితోనూ వాదించలేడు. ఆ భాష మాట్లాడే తెల్లవాళ్ల దగ్గరికి పోలేడు, ఆ భాషని అసహ్యించుకునే తనవాళ్ల దగ్గర నోరు విప్పలేడు. ఇక మిగిలింది నేనూ, కుర్చీ.

ఒకరోజు టీ తాగుతూ, వర్షం గురించి చెప్పినంత మామూలుగా, తన కోరిక చెప్పాడు. చివరి అంకంలో సేనాపతి చెప్పే ఇరవై లైన్లు. ఒక్కసారి. వెలుతురులో నిలబడి, ఎదురుగా మనుషులు కూర్చుని ఉండగా, మొదటి లైను నుంచి చివరి లైను దాకా, తప్పు లేకుండా. ముప్పై ఏళ్లు ఇతరులకి అందించిన మాటలు ఒక్కసారి తన నోటితో.

మా మామగారు ఆ యేడు ఆర్నెల్లకి వచ్చి ఉన్నారు. ఆయన తెనాలి మనిషి, పద్యనాటకాల పిచ్చి. భాష తెలియకపోయినా ఎదురు ఫ్లాటుకి పోయి ఆ ఇరవై లైన్లూ విని, వెనక్కి వచ్చి, "అమ్మాయ్, ఊపిరి పట్టాడు చూశావా! అది నేర్చుకుంటే రాదు," అన్నారు. అప్పుడు నాకు ఆలోచన తట్టింది. ఆ భాషని ద్వేషించడానికి కూడా తెలియని జనం షెఫీల్డులో ఒక్క మా తెలుగువాళ్లే.

మా తెలుగు సంఘం కార్యదర్శి మత్తుమందు డాక్టరు. సభలు కూడా అలాగే నడిపేవాడు.

"ఉగాది ప్రోగ్రాములో ఆఫ్రికా భాషేంటి చెల్లెమ్మా?"

"మీ పిల్లల డాన్సులో తెలుగెంతుంది అన్నయ్యా?"

"సరే, పది నిమిషాలు. భోజనాలు లేటైతే జనం నన్ను తింటారు."

ముసలాయన ఒకే షరతు పెట్టాడు. పుస్తకం పట్టుకుని పక్కన నేను నిలబడాలి. నెల రోజులు నాకు ఆ అక్షరాలు పలకడం నేర్పాడు. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు 'ఖ' అనాలి. నేను ఖ అంటే పాప నవ్వేది. పాప నవ్వితే ఆయన, "దానికి నీకంటే బాగా వస్తుంది," అనేవాడు.

స్కూలు హాలు, శనివారం మధ్యాహ్నం. పట్టుచీరలు, ఏడుస్తున్న పసిపిల్లలు, వెనక బల్ల మీద పులిహోర. డాన్సుకీ డాన్సుకీ మధ్య ఆయన్ని పిలిచారు. తన దుప్పటి తనే కట్టుకున్నాడు. కట్టేవాడు ఇంకెవరున్నారు? స్టేజి మీదికి వచ్చి, లైటు మొహాన పడగానే ఒక్క క్షణం కళ్లు చికిలించి, మొదలుపెట్టాడు.

ఆ గొంతు ఎక్కడ దాచుకున్నాడో నాకు తెలియదు. ముప్పై ఏళ్ల గుసగుస అంతా ఒక్కసారి గొంతై వచ్చింది. పిల్లలు ఏడుపాపారు. పంతొమ్మిది లైన్లూ ఒక్కటి తొణకకుండా చెప్పాడు. చివరి లైను ముందు పెద్ద విరామం ఉంది. సేనాపతి తెరిచిన తలుపు వైపు చూసి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరగాలి. ఆయన చూశాడు. ఊపిరి తీసుకున్నాడు.

"వన్స్ మోర్," అన్నారు రెండో వరసలోంచి మామగారు.

తెనాలిలో అంతకు మించిన మెప్పు లేదు. పద్యం గుండెకి తగిలితే వన్స్ మోర్ అంటారు. నటుడు మళ్లీ పాడతాడు. యుద్ధంలో చచ్చి పడున్నవాడు కూడా వన్స్ మోర్ వినపడితే లేచి, పాడి, మళ్లీ చస్తాడు. హాలంతా అందుకుంది. వన్స్ మోర్, వన్స్ మోర్. కొందరు ఈల కూడా వేశారు.

ఆయన నా వైపు చూశాడు.

ఆయన బతికిన రిహార్సళ్లలో డైరెక్టరు వన్స్ మోర్ అంటే ఒక్కటే అర్థం. తప్పు దొర్లింది, మళ్లీ చెప్పు. ఏ లైను అని కళ్లతో అడుగుతున్నాడు. పుస్తకం నా చేతిలో ఉంది. చెప్పాల్సింది నేను. నేను నవ్వి, తల ఊపాను. ఎలా ఊపాను? మనం ఊపినట్టే. నిలువుగా కాదు, అడ్డంగా కాదు, ఈ భుజం నుంచి ఆ భుజానికి ఒరిగిస్తూ, బాగుంది కానివ్వండి అని. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊపుడు అర్థం కాని మనిషిని నేను చూడలేదు.

ఆయన కళ్లకి అది 'కాదు' అని కనిపించింది.

మళ్లీ మొదటి లైను నుంచి ఎత్తుకున్నాడు, ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా వేలితో తడిమినట్టుగా. పంతొమ్మిది లైన్లు. విరామం. మళ్లీ వన్స్ మోర్, ఇంకా గట్టిగా. మళ్లీ నా వైపు చూశాడు. నేను ఇంకా సంతోషంగా తల ఊపాను. మూడోసారి రెండు లైన్లు చెప్పి ఆగిపోయాడు. దుప్పటి అంచు చేత్తో ఎత్తి పట్టుకుని స్టేజి దిగిపోయాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇరవయ్యో లైను ఎవరూ వినలేదు.

"ఏ లైను తప్పు?" అని అడిగాడు కారులో.

"ఒక్కటి కూడా లేదు. అది మెచ్చుకోలు."

"మనిషి చచ్చిపోతున్నాడు నైబర్. సగంలో ఆపి మళ్లీ మొదటినుంచి చావమని ఎవరు మెచ్చుకుంటారు?"

మర్నాడు మామగారు స్వయంగా ఆయన తలుపు తట్టారు. "కాంప్లిమెంట్ సార్. గ్రేట్ కాంప్లిమెంట్. మా ఊళ్లో ఒకాయన ఒకే ఆటలో మూడుసార్లు చచ్చాడు. గోల్డ్ మెడల్ ఇచ్చాం."

"ఆమె తల అడ్డంగా ఊపింది," అన్నాడాయన, నన్ను చూపించి.

"అది అవును అని," అన్నాను.

"ఊపు."

ఊపాను. మామగారు కూడా ఊపారు. ఐదో అంతస్తు వరండాలో మేమిద్దరం తలలు ఊపుతూ నిలబడితే ఆయన ఒకరి తర్వాత ఒకరిని శ్రద్ధగా చూసి, "ఇది కాదు అనే," అని తలుపు వేసుకున్నాడు.

పుస్తకంలో కొత్త గడి రాసుకున్నాడు. షెఫీల్డు, స్కూలు హాలు. సేనాపతి గడిలో తన పేరు. తప్పులు అన్నచోట: 'ఆపారు. లైను తెలియలేదు.' ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ లైను వెతికాడు. ఎప్పుడు వెళ్లినా ఆ ఇరవై లైన్లనే పట్టుకుని ఉండేవాడు. ఈ మాట సాగదీశానా, ఆ మాట మింగానా అని అడిగేవాడు. నేను ఒక జీపీ డాక్టరు క్లినిక్కులో రిసెప్షనిస్టుగా చేరాను, మేం ఇల్లు కొనుక్కుని ఊరికి అవతలివైపు వెళ్లిపోయాం, పాప పెద్దదై నాతో ఇంగ్లీషులో పోట్లాడడం మొదలుపెట్టింది. నేను గురువారం గురువారం ఆయన దగ్గరికి వెళ్లి అదే వాదన వాదించేదాన్ని. నా జీవితంలో నేను ఓడిపోయిన వాదన అదొక్కటే. ఓడింది కూడా నాదే ఒప్పయి ఉండగా.

చివరి రెండేళ్లు ఊపిరితిత్తులు పాడై మంచానికి అతుక్కుపోయాడు. ముక్కుకి గొట్టం. ఆయన్ని చూసుకోవడానికి కౌన్సిల్ పంపే ఆడవాళ్లు వచ్చిపోవడానికి వీలుగా పగలంతా ఫ్లాటు తలుపు తీసే ఉంచేవారు. మంచం మీదినుంచి లిఫ్టు కనిపించేది. లిఫ్టు కూడా అప్పటికి కొత్తది వేశారు, రోజూ పనిచేసేది.

పోయిన శరదృతువులో ఒక గురువారం మధ్యాహ్నం వెళ్లేసరికి దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ భుజం మీద దుప్పటి మడతలు పెట్టి ఉంది. "పుస్తకం తీసుకో," అన్నాడు.

తీసుకుని కుర్చీలో కూర్చున్నాను. మొదలుపెట్టాడు. గొంతు లేదు, మళ్లీ గుసగుసే. రెండు మాటలకొకసారి గాలి కోసం ఆగేవాడు. ఆగిన ప్రతిసారీ నా వేలు లైను మీదే ఉంది, ఒక్కసారి కూడా అందించాల్సిన పని పడలేదు. పంతొమ్మిది. విరామం. తెరిచిన తలుపు వైపు చూశాడు. నేను వేలు చివరి లైను మీదికి జరిపాను. ఇరవయ్యోది చెప్పాడు. 'తలుపు వేయకండి, ఇక్కడ కూర్చున్నవాడెవడో దారినపోయేవాళ్లు చూడాలి' అని దాని అర్థం.

తర్వాత నా వైపు చూశాడు.

నా నోట్లో, ఆ రోజు హాల్లో మామగారన్న రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. అంతకంటే తగిన మాట నా దగ్గర లేదు, నా ఎమ్మేలోనూ లేదు. అంటే తప్పు దొర్లిందనుకుంటాడు. అనకపోతే ఇన్నేళ్లూ నేను వాదించిందంతా నేనే కొట్టేసుకున్నట్టు. తల కూడా ఊపలేను. మెడ బిగబట్టి, నోరు సగం తెరిచి, అలాగే కూర్చున్నాను. ఎవరు ఎక్కడ ఆగినా మాట అందించకుండా ఉండలేని మనిషి ఆయన. నేను ఏ మాట దగ్గర ఆగానో ఆయనకి బాగా తెలుసు. అందించలేదు.

నేను నోరు మూసుకున్నాను. ఆయన పెన్సిలు అడిగాడు.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. చివరి వరస వంకరటింకరగా ఉంటుంది. షెఫీల్డు, ఐదో అంతస్తు. సేనాపతి: తన పేరు. గళ్లలో ఎక్కడా ప్రాంప్టరుకి చోటు లేదు, అయినా పక్కన ఖాళీలో 'ప్రాంప్టర్: నైబర్' అని ఇరికించాడు. తప్పుల గడిలో ఏమీ లేదు.

బస్ స్టాపు నుంచి ఇంటికొచ్చి ఆ పేజీ తీశాను. వన్స్ మోర్ అని రాద్దామని పెన్సిలు కూడా చెక్కుకున్నాను. ఆ వరసలో రాయడానికి ఖాళీ ఉన్నది ఒక్క తప్పుల గడిలోనే.